ఇల్లు అనే మాట: పుట్టుక, అర్థాలు

(విశాఖపట్నంలో భాషాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క మాటను గురించి మాట్లాడబోతున్నాను. అది ‘ఇల్లు’. నిఘంటువు చూడవలసిన అవసరం ఎవరికీ రాని మాట ఇది. అందుకే దీన్ని ఎవరూ ఆగి చూడరు. కానీ తెలుగువారు గోడలు లేవనెత్తడానికి ముందునుంచే ఈ మాట మన పూర్వికుల నోట ఉండేదనీ, అప్పటి అర్థం చెరిగిపోకుండా ఈనాటికీ మన పలుకుబడిలో నిలిచి ఉందనీ నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలేమిటో మీ ముందు పెట్టడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట పుట్టుక సంగతి. ‘ఇల్లు’ సంస్కృతం నుంచి వచ్చిన మాట కాదు. ‘ఇల’ అంటే భూమి గనుక ఆ మాటే ఇల్లు అయిందని కొందరు, ‘నిలయం’ అరిగి ఇల్లు అయిందని కొందరు అంటూ ఉంటారు. వినడానికి బాగానే ఉంటాయి గానీ ఇవి నిలబడవు. తెలుగు ధాతువులు సంస్కృత ధాతువులకంటే వేరని మద్రాసులో పనిచేసిన ఆంగ్ల అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే ఉదాహరణలతో చూపించాడు. 1961లో భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనో కలిసి ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువును, అంటే మాటల పుట్టుకను చెప్పే నిఘంటువును వెలువరించిన తరువాత ఇలాంటి మాటల బంధువర్గం ఎంత దూరం వ్యాపించిందో ఒక్కచోటే చూసే వీలు కలిగింది. ‘ఇల్లు’కు చుట్టాలు తమిళంలో ఇల్, ఇల్లం, మలయాళంలో ఇల్లం, తుళులో ఇల్లు, ఆదిలాబాదు ప్రాంతపు కొలామీలో ఎల్ల, కొండదొరలు మాట్లాడే ‘కొండ’ అనే భాషలో ఇలు, కువిలోనూ ఇలు, కూయిలో ఇడు. సంస్కృతం చదివిన పండితుల నీడ కూడా సోకని కొండగూడేలలో ఇదే మాట పలుకుతూ ఉన్నప్పుడు, దాన్ని ‘నిలయం’ నుంచి లాక్కురావడంలో అర్థం లేదు.

వీటిలో కొండ భాష మనకు పొరుగు భాష. అరకు వైపు వెళ్లేటప్పుడు సంతలలో, బస్సులలో మన చెవిన పడే భాషల్లో అదొకటి. దాన్ని శాస్త్రీయంగా పరిశీలించి 1969లో గ్రంథం వెలువరించినవారు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పాఠాలు చెప్పిన పండితుడాయన. వాల్తేరు ఎత్తుల మీద ‘ఇల్లు’ అనే మనిషికీ, అనంతగిరి దాటాక ‘ఇలు’ అనే మనిషికీ మధ్య వేల ఏళ్ల నాటి బంధుత్వం ఉంది. ఆ భాష మాట్లాడేవారిని మనం చూసే చూపులో ఈ ఎరుక ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇంకొక విశేషం. పెద్ద సాహిత్య భాషలు నాలుగింటిలో ఈ మాటను నిత్యవ్యవహారంలో నిలుపుకొన్నది తెలుగు ఒక్కటే. తమిళుడు ఈనాడు మామూలుగా ‘వీడు’ అంటాడు. మలయాళీ అదే అంటాడు, ‘ఇల్లం’ అన్న మాటను నంబూద్రి బ్రాహ్మణుల ఇంటికి ప్రత్యేకించాడు. కన్నడిగుడు ‘మనె’ అంటాడు. తమిళంలో ఇల్ అనే మాట పూర్వం విస్తారంగా ఉండేది. తిరుక్కురళ్‌లో గృహస్థు జీవనాన్ని చెప్పే అధ్యాయం పేరే ‘ఇల్వాళ్కై’, అంటే ఇంటి బతుకు. అయినా వాడుకలో అది వెనక్కి తగ్గింది. ఆ రెండు మాటలకూ మన దగ్గర చుట్టాలు లేకపోలేదు. తమిళ ‘వీడు’ విడవడం అనే క్రియ నుంచి వచ్చింది. పెళ్లివారు ‘విడిది’ దిగారని మనం అనే మాట ఆ కుదురుదే. కన్నడ ‘మనె’కు మూలమైన ‘మన్’ అనే ధాతువు మన ‘మనికి’లో, ‘మనుగడ’లో ఉంది. ఉండడం, బతకడం దాని అర్థం. మనం ఆ రెండింటినీ వేరే పనులకు వాడుకొని, ఉండే చోటుకు మాత్రం పాత మాటనే ఉంచుకున్నాం.

ఇక అర్థం దగ్గరకు వద్దాం. ‘ఇల్లు’ అనగానే నాలుగు గోడలు, పైకప్పు మన కంటికి కనబడతాయి. అయితే ఆ మాట లోపల దాగిన పాత సమాసాలను విప్పి చూస్తే అక్కడ గోడల ప్రసక్తి లేదు, చోటు మాత్రమే ఉంది. మూడు మాటలు తీసుకుందాం: వాకిలి, ముంగిలి, లోగిలి.

‘వాకిలి’లో మొదటి భాగం ‘వాయి’, అంటే నోరు. పెదవిని పూర్వకవులు ‘వాతెర’ అన్నారు. అందులో ఉన్నది ఈ ‘వా’యే. తమిళంలో వాయిల్, కన్నడంలో బాగిలు, తుళులో బాకిలు, తెలుగులో వాకిలి, అన్నీ ఒకటే మాట. దీన్ని ‘ఇంటి నోరు’ అని అర్థం చెప్పడం పరిపాటి. కానీ సమాసంలో పదాల వరస చూడండి. నోరు ముందు ఉంది, ఇల్లు వెనుక ఉంది. తెలుగులో ‘ఇంటి నోరు’ అనవలసి వస్తే ఇల్లే ముందు రావాలి. కనుక ఇది ‘నోరైన చోటు’, లోపలికి పోవడానికి తెరుచుకున్న తావు. అలాగే ‘ముంగిలి’ అంటే ముందున్న చోటు; తమిళంలో దీనికి సాటి ‘మున్ఱిల్’. ‘లోగిలి’ని పాత నిఘంటువులు అరసున్నతో ‘లోఁగిలి’ అని రాశాయి. ఆ అరసున్న ‘లోన్’ అనే మాటలోని నకారపు జాడ. లోపలి చోటు అని దాని అర్థం. ముంగిట్లో గోడలు ఉండవు, పైన కప్పు ఉండదు. అయినా అందులో ‘ఇల్లు’ ఉంది. ‘ఇల్’ అన్న శబ్దానికి కట్టడం అన్నదే తొలి అర్థమైతే, ఆరుబయలుకు ఆ పేరు ఎలా వస్తుంది?

దీనికి బలం చేకూర్చే సాక్ష్యం తమిళంలో ఉంది. మనం ‘మదురలో’ అన్నచోట తమిళులు ‘మదురైయిల్’ అంటారు. ఆ సప్తమీ ప్రత్యయం ‘ఇల్’కూ, ఇల్లు అనే అర్థంలోని ‘ఇల్’కూ సంబంధం ఉందని ద్రావిడ భాషలను పరిశీలించినవారు చెబుతూ వచ్చారు. ‘చోటు’ అనే నామవాచకం మెల్లగా ‘లో’ అనే ప్రత్యయంగా మారడం భాషల్లో వింత కాదు. కాకపోతే తమిళంలో ‘లేదు’ అని చెప్పే ‘ఇల్లై’లో కూడా ఇదే శబ్దం వినబడుతుంది గనుక రెండింటినీ కలిపి వేదాంతం చెప్పేవారున్నారు. ఆ ‘ఇల్’ వేరు, ఈ ‘ఇల్’ వేరు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

ఈ జాగ్రత్త తెలుగులోనూ అవసరమే. వాకిలి, ముంగిలి, లోగిలి అనే మూడు మాటలూ విభక్తి చేరేటప్పుడు వాకిట, ముంగిట, లోగిట అవుతాయి. ఇల్లు కూడా ‘ఇంట’ అవుతుంది. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి తన బాలవ్యాకరణంలో, విభక్తి చేరే ముందు నామం చివర వచ్చే ఇ, టి, తి అనే వర్ణకాలకు ఔపవిభక్తికాలు అని పేరు పెట్టాడు. వాటిలో ఇది ‘టి’. మూడింటా ఒకే ‘ట’కారం కనబడింది గదా అని దాన్నే రుజువుగా చూపడం మాత్రం తొందరపాటు అవుతుంది. నాగలి ‘నాగటి’ అవుతుంది, మొదలు ‘మొదటి’ అవుతుంది; వాటిలో ఇల్లు లేదు. ‘కౌగిలి’ని చేతులు కట్టిన ఇల్లని అందంగా వర్ణించవచ్చు, కవులకు ఆ హక్కు ఉంది, కానీ దాని పాత రూపం ‘కవుఁగిలి’, కమ్ముకోవడం, పెనవేసుకోవడం అనే అర్థమున్న ధాతువు దానికి మూలం. ఇరుగుపొరుగు భాషల సాక్ష్యం, అర్థం, ధ్వని మూడూ కలిసి వచ్చినప్పుడే వ్యుత్పత్తి నిలుస్తుంది. వాకిలికి ఆ మూడూ కలిసి వచ్చాయి.

వాకిలి అర్థం ఊరూరికీ మారడం కూడా గమనించవలసినదే. ‘వాకిలి వేసి రా’ అనేవారికి అది తలుపు. ‘వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లు’ అనేవారికి అది ఇంటి ముందు నేల. ఒకే రాష్ట్రంలో, ఒక్కోసారి ఒకే కుటుంబంలో, అత్తకూ కోడలికీ ఈ తేడా ఉంటుంది. తెరుచుకున్న తావు అన్న పాత అర్థం నుంచి ఒక ప్రాంతం గుమ్మం వైపు జరిగింది, మరొక ప్రాంతం బయలు వైపు జరిగింది. ఏదీ తప్పు కాదు.

ఇదే వరసలో ‘కోవెల’ కూడా ఉంది. కో అంటే రాజు, ఇల్ అంటే ఉండే చోటు. తమిళంలో కోయిల్ అన్నది రాజు నివాసానికీ దేవుడి నివాసానికీ చెల్లింది. మన కోవెల దైవానికే పరిమితమైంది. పాటలు పాడే కోయిలకు దీనితో సంబంధం లేదు. అది సంస్కృత కోకిలం. ‘ఇలవేల్పు’ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇల అంటే భూమి అన్న తలంపుతో ఇలవేల్పును ‘భూమి మీది దేవుడు’ అనుకునేవారు చాలామంది. దీని పాత రూపం ‘ఇలువేలుపు’. ఇంటి దైవం, వంశం కొలుచుకునే దైవం అని అర్థం. కొండ భాషలో విన్న ‘ఇలు’ అన్న పొట్టి రూపమే మన ఇలవేల్పులో ఉంది.

ఇక ఇల్లు అంటే గది అన్న అర్థం. ఇది పాత కోస్తా ఇళ్లలో పెరిగినవారికి వెంటనే తెలుస్తుంది. వంటిల్లు, దేవుడిల్లు, పడమటిల్లు, నట్టిల్లు. ఇవన్నీ ఒకే ఇంటి లోపలివి. ఇంట్లో ఇన్ని ‘ఇళ్లు’ ఎలా ఉంటాయి? ఇల్లు అంటే కట్టడం అనుకుంటే ఇది చిక్కుముడి; ఇల్లు అంటే చోటు అనుకుంటే చిక్కు లేదు. వండే చోటు వంటిల్లు, నడిమి చోటు నట్టిల్లు. నడు శబ్దం నట్టుగా మారడం ‘నట్టడవి’లో కూడా చూస్తాం. ఇటీవల వంటిల్లు ‘వంటగది’ అయింది, ఇప్పుడు ‘కిచెన్’ అవుతోంది. మాట మారితే పోయిందేమిటని అడగవచ్చు. పోయింది ఒక సాక్ష్యం. ఈ మాటకు చోటు అన్న అర్థం ఉండేదని చెప్పడానికి మన చేతిలో ఉన్న ఆధారాలు నాలుగైదే. వాటిలో వంటిల్లు ఒకటి.

మనుషుల వైపు చూస్తే ఈ మాట ఇంకా విస్తరించింది. ‘ఒక ఇంటివాడయ్యాడు’ అంటే పెళ్లి చేసుకున్నాడని అర్థం. అంతకుముందు అతడు ఇంట్లోనే ఉండి ఉండవచ్చు, ఆ ఇల్లు అతడి పేరనే ఉండి ఉండవచ్చు. అయినా భాష అతణ్ని ఇంటివాడని ఒప్పుకోలేదు. తమిళంలో ‘ఇల్’ అన్న మాటకే భార్య అన్న అర్థం కూడా ఉంది. సంస్కృతంలోనూ ‘గృహిణీ గృహముచ్యతే’ అన్న సూక్తి ఉంది. వేరువేరు కుటుంబాలకు చెందిన రెండు భాషలు ఒకే భావనకు చేరడం ఆలోచించదగిన సంగతి. ‘ఇల్లాలు’లో రెండో భాగం ‘ఆలు’, స్త్రీ, భార్య. ఆలుమగలు అన్నప్పటి ఆలు. బహువచనం ఇల్లాండ్రు. ఇంటిని ఏలేది కనుక ఇల్లాలు అని చెప్పడం గౌరవంగా ఉంటుంది గానీ, తెలుగులో ఏలడం వేరు మాట, ఆలు వేరు మాట. ఆ గౌరవాన్ని వ్యుత్పత్తి మీద ఆనించనక్కరలేదు. ఇంటి చాకిరీ చూసిన ఎవరికైనా అది కలగాలి.

స్త్రీకి ఈ మాట రెండుగా చీలుతుంది. పుట్టినిల్లు, మెట్టినిల్లు. పుట్టిన ఇల్లు ఒకటి, అడుగుపెట్టిన ఇల్లు ఒకటి. మన ఉత్తరాంధ్రలో పుట్టింటిని ‘కన్నవారిల్లు’ అంటారు. మాటల్లో అది ‘కన్నోరిల్లు’. పుట్టిల్లు అన్నప్పుడు మాట బిడ్డ వైపు నుంచి చెప్పబడుతుంది, కన్నోరిల్లు అన్నప్పుడు తల్లిదండ్రుల వైపు నుంచి. పండగకు కన్నోరింటికి వెళ్లడమంటే ఊరికి వెళ్లడం కాదు, కన్నవారి దగ్గరకు వెళ్లడం. ఈ మాట పత్రికల భాషలోకి ఎక్కువగా రావాలని నా కోరిక.

పురుషుడు ఇల్లు మారే పద్ధతికి కూడా ఇదే మాట ఉంది: ఇల్లరికం, దానికే మరొక రూపం ఇల్లటం. కొడుకులు లేనివారు కూతురికి పెళ్లి చేసి అల్లుణ్ని తమ ఇంటనే ఉంచుకొని ఆస్తిలో కొడుకుకిచ్చే భాగం ఇచ్చే ఆచారం రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఉండేది. మద్రాసు న్యాయస్థానాలు ఈ ఆచారాన్ని గుర్తించాయి. ఇల్లటం అల్లుడికి పుట్టింటి ఆస్తిలో హక్కు పోదని కూడా తీర్పులు చెప్పాయి. ఇంగ్లీషులో రాసిన హిందూ ధర్మశాస్త్ర గ్రంథాల్లో ‘ఇల్లటం’ అన్న తెలుగు మాట అలాగే నిలిచిపోయింది. న్యాయవాదులు దాన్ని ఇంగ్లీషు చేయడానికి ప్రయత్నించకపోవడం మంచిదైంది.

ఇంటిపేరును గురించి నాలుగు మాటలే చెబుతాను, ఎందుకంటే అది వేరే ప్రసంగానికి తగినంత పెద్దది. వంశనామాన్ని మనం కులం పేరు అనలేదు, తండ్రి పేరు అనలేదు, ఇంటి పేరు అన్నాం. ఆ పేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే కావడం వల్ల, ఎన్నో తరాల కిందట వదిలిన చోటు ఈనాటికీ మన సంతకంలో మిగిలి ఉంది. ఇక్కడా కట్టడం ఏనాడో పోయింది, చోటు ఉంది.

సామెతల్లో, జాతీయాల్లో ఈ మాట మరో తేడా చూపుతుంది. ఇల్లు, కొంప, గృహం మూడూ ఒకటే అనుకుంటాం. ప్రవేశం గృహానికే చేస్తాం, ‘ఇల్లు ప్రవేశం’ అని ఎవరూ శుభలేఖ వేయరు. ఆపద వచ్చినప్పుడు మాత్రం మునిగేది, అంటుకునేది కొంపే. ‘కొంప మునిగింది’ అంటామే గాని ‘ఇల్లు మునిగింది’ అంటే వరద నీరు వచ్చిందనే అనుకుంటారు. ఆ చెడ్డ ఊహ ‘కొంపదీసి’ అనే అవ్యయంలో కూడా స్థిరపడింది. ఇల్లు అన్న మాటను జాతీయాలు మర్యాదగా చూసుకున్నాయి: ఇంట గెలిచి రచ్చ గెలవాలి, తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు, ఇల్లు అలకగానే పండగ కాదు. వాసాలు తెలియని పిల్లలకు ఆ రెండో సామెత ఇప్పుడు బోధపడదు. కప్పును మోసే ఏటవాలు కర్రలు వాసాలనీ, భోజనం పెట్టిన ఇంట్లో వెల్లకిలా పడుకొని వాటిని లెక్కపెట్టేవాడి మనసులో మంచి ఆలోచన ఉండదనీ చెప్పవలసి వస్తుంది.

బహువచనం గురించి కూడా ఒక మాట. తెలంగాణలో ‘ఇండ్లు’ అంటే కోస్తాలో కొందరు దాన్ని మోటు అనుకుంటారు. నిజానికి పాత రూపానికి దగ్గరగా ఉన్నది అదే. ఇంటి అన్నదాని మీద ‘లు’ చేరి ఇండ్లు అయింది, ఆ తరువాత ఇళ్లు అయింది. కన్ను కండ్లై కళ్లు అయినట్లు, ముల్లు ముండ్లై ముళ్లు అయినట్లు. వయసులో మన ‘ఇళ్లు’ చిన్నది, వారి ‘ఇండ్లు’ పెద్దది.

మన తీరానికి చెందిన ఒక ఇంటిని గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. అది చుట్టిల్లు. విశాఖ, శ్రీకాకుళం తీరగ్రామాల్లో గుండ్రని మట్టిగోడ, దాని మీద కోసుగా నిలిచే తాటాకు కప్పు, మనిషి వంగి లోపలికి వెళ్లవలసినంత కిందికి దిగిన చూరు ఉండే ఇల్లు అది. గుండ్రటి గోడకు మూలలు లేవు గనుక గాలి పట్టుకోవడానికి అంచు దొరకదు, చుట్టూ జారిపోతుంది. చూరు నేలకు దగ్గరగా ఉండడం వల్ల గాలి కిందినుంచి దూరి కప్పును లేపలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరం మీదే తీరం దాటింది. ఆ రోజు రేకులు ఎగిరిపోవడం కళ్లారా చూసిన మనకు, తుఫానుల తీరంలో బతికినవారు ఇల్లు గుండ్రంగా ఎందుకు కట్టారో విడమరచి చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఆ ఇళ్లు దాదాపు కనుమరుగయ్యాయి. వాటిలో ఉండలేనివారు పక్కా ఇళ్లు కోరుకోవడం న్యాయమే. తాటాకు ఏటేటా మార్చడం, నిప్పు భయం, చీకటి, ఇవన్నీ భరించినవారికి తెలుసు. ఇల్లు పోతే పోనివ్వండి. ఆ ఇంటి మాటలు మాత్రం పోనివ్వవద్దని నా ప్రార్థన.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలను తలపెట్టినప్పుడు, 1962లో కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలతో మొదలుపెట్టారు. ఇళ్లు కట్టే పనివారి మాటలను బూదరాజు రాధాకృష్ణ గారు సంకలనం చేశారు. ఊరూరా తిరిగి, తాపీ పనివారినీ వడ్రంగులనూ అడిగి రాసుకున్న మాటలవి. ఆ పని జరిగి ఎన్నో ఏళ్లయింది. ఆనాడు మాటలు చెప్పిన తరం ఇప్పుడు లేదు, వారి తరువాతి తరం వృద్ధాప్యంలో ఉంది. మండువా లోగిలిలో వాన నీరు దిగే చోటును ఏమనేవారు, చుట్టింటి కప్పు కొసను ఏ పేరుతో పిలిచేవారు, నట్టింటికీ పడమటింటికీ మధ్య గోడలోని గూటికి ఏ పేరు ఉండేది, ఇవి ఇంకా చెప్పగలవారు మీ ఇళ్లలోనే ఉన్నారు.

కాబట్టి ఇక్కడున్న విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు మీ మామ్మనో తాతనో వెంటబెట్టుకొని పాత ఇంటి చుట్టూ నడవండి. ఇల్లు పడిపోయి ఉంటే ఆ స్థలంలో నడవండి. ఒక్కొక్క భాగాన్ని ఏమంటారో అడిగి, వారు పలికినది పలికినట్టే రాసుకోండి. మీకు తెలిసిన మాటలోకి దిద్దవద్దు. ప్రతి మాట పక్కన ఊరి పేరు, మండలం పేరు, చెప్పినవారి వయసు రాయండి. వస్తువు ఇంకా ఉంటే ఫోటో తీయండి. లేకపోతే వారి చేత నేల మీద గీయించి ఆ గీతను ఫోటో తీయండి. ఒకే వస్తువుకు ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి, ఏది సరైనదో తేల్చే పని తరువాత చేద్దాం. వచ్చే సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి. వాటిని వరసలో పెట్టే పని నేను చేస్తాను.

నమస్కారం.